శవం ఊపిరి పీల్చిన సీను

ఆ సినిమా పేరు నేనిక్కడ రాయను. రాస్తే మీరు చదవడం ఆపి ఫోను తీస్తారు, ఆ ముక్క వెతుకుతారు, కడుపుబ్బ నవ్వుతారు. నవ్వడం మీ తప్పని కూడా అనను. దయ్యాల సినిమాలో శవం ఊపిరి పీలిస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కాకపోతే ఆ శవం మా బాపు, మా నాన్న.

నేను నర్సును. నిజామాబాదులో ఒక ఆసుపత్రిలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. పోయినవాళ్ల కళ్లు మూసి, దవడకు గుడ్డ కట్టి, కాలి బొటనవేళ్లు కలిపి ముడేసి, ఇంటివాళ్లను లోపలికి పిలిచిన రోజులు ఎన్నో నాకే గుర్తులేవు. శవమంటే నాకు జంకు లేదు. అలాంటిదాన్ని, ఒక పాత సినిమా డిస్కు ఎప్పుడొస్తుందా అని ఏడాదిన్నర పాటు ప్రాణాలు ఉగ్గబట్టుకుని బతికాను. వస్తుందంటే భయం, రాదంటే భయం. చెప్తే నవ్వేవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

మాది బోధన్‌కూ వర్నికీ మధ్య ఒక ఊరు. మేం మెథడిస్టులం. ఊళ్లో మావాళ్ల ఇళ్లు పాతిక ముప్పై, ఒక చిన్న చర్చి, దాని వెనక సమాధుల తోట. బాపు వడ్రంగి. నాగళ్లు, బండి చక్రాలు, తలుపులు చేసేవాడు. సంఘంలో ఎవరైనా పోతే పెట్టె చేసేదీ ఆయనే. దానికొక పద్ధతి ఉండేది. పెట్టె ముందే చేసి ఉంచకూడదు. మనిషి పోయాక బాపు ఒక వెదురు పుల్ల పట్టుకుని ఆ ఇంటికి వెళ్లేవాడు. తల నుంచి మడమ దాకా కొలిచి, సరిగ్గా అక్కడ పుల్లను విరిచేవాడు. పెట్టె ఆ పుల్ల కొలతకే. మట్టి చేసేటప్పుడు పుల్లను కూడా ఆ మనిషి పక్కనే పెట్టేవాళ్లు. బతికున్నవాళ్ల మీద ఆ పుల్ల పెట్టడమనే మాట మా ఊళ్లో సరదాకి కూడా ఎవరూ అనరు.

నాకు ఏడేళ్లున్నప్పుడు, చెరకు కోతలు ఇంకా మొదలు కాకముందు, హైదరాబాదు నుంచి సినిమావాళ్లు వచ్చారు. నిలువెత్తు చెరకు, పక్కనే చర్చి, వెనక సమాధులు. వాళ్ల దయ్యానికి అన్నీ అమిరాయి. ఒక పెట్టె కావాలని బాపును అడిగారు. ఆయన సరేనన్నాడు. కొలత ఏమిటని అడిగితే, మామూలు మనిషి పట్టేంత చెయ్యమన్నారట. శవం వేషం వేసే నటుడు ఇంకా ఊరికి రాలేదు. వచ్చినా బతికున్న మనిషిని కొలవడానికి బాపుకు చెయ్యాడదు. ఒక రోజంతా ఆలోచించి, చివరికి పుల్లను తన పక్కనే నిలబెట్టుకుని తననే కొలుచుకున్నాడు. ఎదుటివాడికి కీడు తగలకూడదన్న పట్టింపు గట్టిగా ఉంది, తనకు తగలొచ్చన్న ఆలోచన మాత్రం రాలేదు. మా బాపు చేసిన తెలివితక్కువ పనుల్లో ఇది అన్నిటికంటే పెద్దదని అవ్వ ఇప్పటికీ అంటుంది. అవ్వ అంటే అమ్మ. మా దిక్కు తల్లిని అలాగే పిలుస్తాం.

నటుడు దిగాడు. ఆరడుగుల పైమాట. పెట్టెలో పడుకోబెడితే మోకాళ్లు పైకి లేచాయి. డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఇంకో పెట్టె చేసేదాకా ఆగితే వాళ్ల రోజులు అయిపోతాయి. ఆ పెట్టెలో అతికినట్టు సరిపోయే మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు, చేతిలో సుత్తె పట్టుకుని నిలబడి.

షూటింగుకు ఊరంతా పోయింది. అవ్వ పోలేదు, అన్ననూ నన్నూ పోనివ్వలేదు. సాయంత్రం బాపు ఇంటికొచ్చేసరికి మొహానికి పూసిన తెల్లరంగు ఇంకా చెవుల దగ్గర మిగిలే ఉంది. నేను జడుసుకుని అవ్వ వెనక్కి పోయాను. ఆయన పకపకా నవ్వాడు.

"మస్తు నిద్ర వట్టిందే అండ్ల. గసుంటి మంచం మనింట్ల లేకపాయె" అన్నాడు.

 ఆ రోజు అవ్వ అన్నం తన చేత్తో వడ్డించకుండా గిన్నె ఆయన ముందుకు జరిపింది. బాపు గురించి నాకు సొంతంగా గుర్తున్నది ఇంతే. రంగు పూసిన చెవులు, నవ్వు. మిగతాదంతా అన్న చెప్తే విన్నది.

సినిమావాళ్లు పెట్టెను వదిలేసి పోయారు. చెక్క పాడవడం ఎందుకని బాపు దాన్ని కొట్టంలో పెట్టి మక్క కంకులు పోశాడు. మరుసటి ఏడు చెరకు సీజనులో, ఫ్యాక్టరీకి పోతున్న నిండు బండి కాలువ కట్ట మీద చక్రం విరిగి ఆగింది. చక్రం బాగుచెయ్యడానికి బాపును పిలిచారు. ఆయన కింద ఉండగా బండి ఒరిగింది. సంఘంలో అందరికీ పెట్టె చేసిన మనిషికి పెట్టె చేసే మనిషి లేడు. పెద్దవాళ్లు కొట్టంలోకి పోయి కంకులు నేల మీద కుమ్మరించారు. ఎవరూ కొలవాల్సిన పని పడలేదు. ఆయన తనను కొలుచుకున్న పుల్ల పెట్టె అడుగునే దొరికింది.

ఇది జరిగిన మూడు నెలలకు సినిమా బోధన్‌కు వచ్చింది. నాలుగు రోజులు ఆడింది, అదీ ఖాళీ కుర్చీలకు. అవ్వ కోతకు పోవడం మానేసి, నన్ను పక్కింట్లో దింపి, రోజూ బస్సెక్కి పోయి అన్ని ఆటలూ చూసింది. ఊళ్లో పిచ్చిలేసిందన్నారు. పాస్టరయ్య ఇంటికొచ్చి తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశాడు. నాలుగోరోజు సాయంత్రం, ఆఖరి ఆట నడుస్తుండగా, పదమూడేళ్ల మా అన్న థియేటర్లోకి పోయి, చీకట్లో వెతికి, చెయ్యి పట్టి ఆమెను బయటికి గుంజుకొచ్చాడు. బస్సులో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదని అన్నే చెప్పాడు, అదీ చాలా ఏళ్లకు. మొగుడు బతికున్నట్టు కనపడతాడు కదా, అది చూసుకోవడానికి పోయిందని మేమిద్దరం అనుకున్నాం. అడగడానికి మాకెప్పుడూ ధైర్యం రాలేదు.

సినిమా మాయమైంది. మేం పెద్దవాళ్లమయ్యాం. అన్న బోధన్‌లో మెకానిక్కయ్యాడు, నేను నర్సునయ్యాను. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ రావడం ఆగిపోయింది, మా ఊరి చెరకు తోటలు వరి మడులయ్యాయి. అవ్వను నేను నిజామాబాదు తెచ్చుకున్నాను. ఇంట్లో మేమిద్దరమే ఉంటాం.

రెండేళ్ల కింద ఒక మధ్యాహ్నం డ్యూటీ గదిలో అన్నం తింటున్నాను. తోటి నర్సు ఒకమ్మాయి నవ్వాపుకోలేక ఫోను తెచ్చి నా డబ్బా పక్కన పెట్టింది. "గిది జూడు సిస్టరక్కా, సచ్చిపోతవ్ నవ్వలేక."

చూశాను. తెల్లటి మొహం, కళ్లు మూసుకుని ఉన్నాయి. మొహం సగం కనపడకుండా దాని మీద నవ్వే బొమ్మ అతికించారు. ఛాతీ చుట్టూ ఎర్రటి గుండ్రం గీశారు. ఛాతీ పైకి లేచి దిగుతోంది. కావాలని నెమ్మది చేసి, మళ్లీ మళ్లీ తిప్పి, వెనక జనం విరగబడి నవ్వే చప్పుడు పెట్టారు. నాకు పెట్టె చూడగానే తెలిసింది. పక్కల మీద బాపు చెక్కే పువ్వు, మా ఇంటి తలుపు మీద ఉన్నదే.  అయినా చూడండి, అలవాటు ఎంత చెడ్డదో, నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట డ్యూటీ మాటే. ఊపిరి ఉంది, మనిషి బతికే ఉన్నాడు.

ఆ సినిమాకు ఇప్పుడు పిచ్చి అభిమానులున్నారని ఆ అమ్మాయే చెప్పింది. డైలాగులు కంఠతా పట్టి, చొక్కాల మీద అచ్చేయించుకుని తిరుగుతున్నారట. అన్నిటికంటే ఎక్కువ పేరు ఈ సీనుకే. మా నాన్న అని చెప్పలేదు. అన్నం డబ్బా మూసి, ఆ ముక్క నా ఫోనుకు పంపమన్నాను.

ఇంటికి పోయి అవ్వకు చూపించడం నేను చేసిన మొదటి తప్పు. శుక్లాల ఆపరేషను చేయించినా ఆమెకు చిన్నవి ఆనవు. ఫోనును ముక్కు దాకా తెచ్చుకుని చూసింది.

"ఎవలో నవ్వుతుండ్రు గదనే. ఏంటికి నవ్వుతుండ్రు?"

నేను ఫోను లాక్కున్నాను. ఆమె చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. "పెద్దగ సూపెట్టు బిడ్డ. గా నవ్వుడు లేకుండ సూపెట్టు."

పెద్దగా, నవ్వు లేకుండా చూపించాలంటే పూర్తి సినిమా కావాలి. అది ఎక్కడా లేదు. క్యాసెట్టుగా రాలేదు, టీవీలో రాలేదు. వెతగ్గా వెతగ్గా ఆరు నెలలకు ఒక ప్రకటన కనపడింది. పాత వింత సినిమాలను వెతికి డిస్కులుగా వేసే ఒక చిన్న కంపెనీ, ఏదో గోదాములో దీని రీళ్లు దొరికాయని, శుభ్రం చేసి దసరాకు విడుదల చేస్తామని రాసింది. కావాల్సినవాళ్లు ముందే పేరు నమోదు చేసుకోవాలి. నేను బస్సులో నిలబడే నమోదు చేసుకున్నాను.

అవ్వకు చెప్పడం రెండో తప్పు. ఆ రోజు నుంచి నేను గడప తొక్కగానే ఒకటే మాట. "అచ్చిందా?"

దసరా పోయింది. సౌండు బాగుచేస్తున్నాం, క్రిస్మస్‌కు ఇస్తామన్నారు. క్రిస్మస్ పోయింది. హక్కుల కాగితాలు తేలలేదు, వేసవికి అన్నారు. మామూలు మనిషికైతే విసుగు. నాకు మాత్రం వణుకు, ఎందుకంటే అవ్వ గుండెలో ఒక కవాటం పూర్తిగా పాడైందని మా డాక్టరు అప్పటికే చెప్పి ఉన్నాడు. ఆపరేషనుకు తట్టుకోదు. "మందులతో నడిపిద్దాం సిస్టర్, ఎంతకాలమో చెప్పలేను, నీకు తెలియనిదేముంది" అన్నాడు. తెలియడమే నా ఖర్మ. తెలియనివాళ్లు కాళ్లు వాచాయనుకుంటారు. నేను వేలితో నొక్కి గుంట ఎంతసేపుంటుందో చూస్తాను. రోజూ పొద్దున జడ వేసే నెపంతో వీపుకు చెవి ఆనించి ఊపిరితిత్తుల్లో నీళ్ల చప్పుడు వినేదాన్ని. ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ. ఆ తర్వాత ఫోను తీసి కంపెనీ పేజీ చూసేదాన్ని. ఏది ముందు వస్తుందో అని లెక్కలు కట్టేదాన్ని.

ఇంకో భయం అన్న పెట్టాడు. ఒక ఆదివారం చర్చి నుంచి అట్నుంచటే వచ్చి, అవ్వ పడుకున్నాక నన్ను వాకిట్లోకి పిలిచాడు.

"గా డిస్కు రద్దు జేయి చెల్లె."

"ఎందుకన్న?"

"ఆమె గుండెకు గది సూసే తాకత్ ఉన్నదా? బాపును పెట్టెల సూస్తె ఆడికాడనే పానం వోతది. అప్పుడు నువ్వు నర్సువై ఏం జేస్తవ్?"

నాకు కోపమొచ్చింది. నిజం చెప్పాడని వచ్చిన కోపం. "చిన్నప్పుడు ఒకసారి గుంజుకొచ్చినవ్, సాలదా?" అన్నాను. అనకూడని మాట. అన్న మొహం నల్లబడింది. చెప్పులేసుకుని, టీ తాగకుండా పోయాడు. రెండు నెలలు ఫోను చెయ్యలేదు.

ఎండాకాలంలో కంపెనీవాళ్లు ఒక చిన్న నమూనా పెట్టారు. తెరకు ఒక పక్క పాత బొమ్మ, ఇంకో పక్క బాగుచేసిన బొమ్మ. గీతలు పోయాయి, రంగులొచ్చాయి. గాల్లో తేలే దయ్యం నడుముకు పాత బొమ్మలో తాడు కనపడుతుంది, కొత్తదాంట్లో తాడు లేదు. పూర్వకాలపు మంత్రగాడి చేతికి గడియారం ఉండేది, అదీ పోయింది. కింద రాశారు: అప్పటి పొరపాట్లన్నీ సరిదిద్దుతున్నాం.

నేను వార్డులో ఉన్నాను. చేతిలో ఇంజెక్షను ట్రే. దాన్ని పక్కన పెట్టి గోడకు ఆనుకున్నాను. తాడు పొరపాటైతే, గడియారం పొరపాటైతే, శవం ఊపిరి పీల్చడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. ఆ సినిమాలో దాన్ని మించిన పొరపాటు లేదని లోకమంతా నవ్వుతోంది. ఎక్కడో చల్లటి గదిలో ఎవరో ఒక మనిషి కుర్చీలో కూర్చుని, మా బాపు ఊపిరి ఆపేస్తాడు. బండి ఒకసారి ఆపింది, ఇతను రెండోసారి ఆపుతాడు. ఆ వేళ నాకు కలిగిన భయం వంటిది నేను మళ్లీ ఎరగను.

నంబరు పట్టుకుని ఫోను చేశాను. ఒక మగమనిషి ఎత్తాడు, మర్యాదగానే మాట్లాడాడు.

"ఆ శవం సీను కూడా సరిచేస్తున్నారా సార్?"

"అయిపోయింది మేడమ్. అది చాలా తేలిక. ఊపిరి పీల్చని ఒక ఫ్రేము తీసుకుని, దాన్నే సీను పొడుగునా నిలబెట్టేశాం. ఇప్పుడు నిజంగా శవంలాగే ఉంటుంది."

 ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకున్నాను, ఆ కాగితం కనపడలేదు. "తియ్యకండి సార్" అన్నాను.

"ఎందుకు మేడమ్? మీరూ ఆ సీను అభిమానులా?"

"ఆయన మా బాపు. మా నాయిన. ఆయన ఊపిరి పీలుస్తున్న బొమ్మ మా ఇంట్ల ఇంకొకటి లేదు."

 ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "పని దాదాపు పూర్తయింది మేడమ్, నా ఒక్కడి చేతిలో లేదు, అడిగి చూస్తాను, మాట ఇవ్వలేను" అన్నాడు. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. పది రోజులకు పేజీలో కొత్త ప్రకటన పడింది. కారణం చెప్పలేదు, విడుదల ఇంకా రెండు నెలలు వెనక్కి పోయింది. నా మాట వల్లేనా, మరేదైనా ఉందా? నా వల్లే అయితే, ఆ రెండు నెలలు అవ్వ దగ్గర ఉన్నాయా? నేను నోరు తెరిచి ఆమెకు చూసే భాగ్యమే లేకుండా చేశానేమోనని భయం పట్టుకుంది. 

వానాకాలం మధ్యలో అవ్వను మా ఆసుపత్రిలోనే చేర్చాల్సి వచ్చింది. పడుకుంటే ఊపిరాడక, మంచం మీద ముందుకు వంగి కూర్చునేది. నాలుగు రోజులు ఆక్సిజను. నా గడియారం చూసుకుంటూ ఆమె ఛాతీ లేవడం లెక్కపెట్టాను, నిమిషానికి ఎన్ని అని కాగితంలో రాశాను. ఎవరి తల్లికో చేసినట్టు చేశాను, లేకపోతే చేతులు ఆడేవి కావు. మూడోరోజు మాస్కు పక్కకు జరిపి నన్ను దగ్గరికి రమ్మంది. ప్రార్థన అడుగుతుందనుకున్నాను.

"అచ్చిందా?" అంది.

ఆ మాట అన్న విన్నాడు. మంచం అవతలి పక్క నిలబడి ఉన్నాడు. బయటికి పోయాడు.

అవ్వ ఇంటికొచ్చింది, సగం మనిషై. తర్వాతి నెలలో ఒక శనివారం కొరియరు మనిషి గేటు తట్టాడు. చేతిలో చిన్న అట్టపెట్టె. సంతకం పెట్టి తీసుకున్నాను. ఒక్కదాన్నే ముందు చూసి, ఊపిరి తీసేసి ఉంటే డిస్కు పగిలిపోయి వచ్చిందని అవ్వకు అబద్ధం చెప్పాలని ఎప్పుడో నిర్ణయించుకున్నాను. కానీ చూడ్డానికి ఇంట్లో యంత్రం లేదు. ఈ కాలంలో డిస్కు ఆడించే యంత్రం ఎవరింట్లో ఉంది? ఏడాదిన్నర భయపడ్డాను కానీ ఈ సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాలుగు ఇళ్లల్లో అడిగాను, రెండు దుకాణాలు తిరిగాను. చివరికి అన్నకు ఫోను చేశాను.

"ఉన్నది నా దగ్గర" అన్నాడు. "ఆమె దవాఖానల ఉన్నప్పుడే పాతది వట్టుకొచ్చి బాగుజేసి పెట్టిన. రేపు తెస్త."

ఆదివారం చర్చి అయ్యాక వచ్చాడు. ఇంక నేను ముందు చూసే వీలు లేకపోయింది. అవ్వ అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. నేను నాలుక కింద పెట్టే మాత్ర కొంగున కట్టుకున్నాను, ఆక్సిజను సిలిండరు తలుపు వెనక పెట్టాను. అన్న యంత్రాన్ని టీవీకి కలిపాడు. తెర వెలిగింది.

"ఆ సీను కాడికి పోదామా అవ్వా?" అని అడిగాను.

"వద్దు. మొదటి సంది రానియ్యి."

గంటకు పైగా చూశాం. దయ్యం తేలింది, తాడు లేదు. మంత్రగాడు చెయ్యెత్తాడు, గడియారం లేదు. అన్నీ తీసేశారు. నేను కుర్చీ పక్కన నేల మీద కూర్చుని అవ్వ మణికట్టు పట్టుకున్నాను, నాడి కోసం. ఆమె నాడి బలహీనంగా, తన దారిన తాను పోతోంది. నాదే చెవుల్లో కొట్టుకుంటోంది. తెర మీద మా చర్చి వచ్చింది, మా చెరకు తోట వచ్చింది. తర్వాత పెట్టె.

బాపు మొహం పెద్దగా కనపడింది. అంత స్పష్టంగా ఉంటుందని నేననుకోలేదు. రంగు కింద కనుబొమ్మల్లో రంపపు పొట్టు ఇంకా ఉంది. ఎడమ చెవి మా అన్న చెవే. నేను మొహం వదిలేసి ఛాతీ చూశాను. కదలడం లేదు. చొక్కా గుండీ ఉన్నచోటే ఉంది. తీసేశారు. నేను అవ్వ చెయ్యి వదిలేసి మాత్ర ముడి విప్పుతున్నాను.

గుండీ లేచింది.

లేచి దిగింది. మళ్లీ లేచింది. అప్పటిదాకా ఆయన ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు, అంతే. ఇంక పట్టలేక వదిలేశాడు. ఆ పేరు తెలియని మనిషి మా బాపు ఊపిరిని ఆయన దగ్గరే ఉంచాడు. నాకు తెలియకుండానే నా కళ్లు గడియారం మీదికి పోయాయి. అక్కడి నుంచి ఇంకో అరనిమిషం ఉంది సీను. లెక్కపెట్టాను. పదిహేడు.

అంటే నిమిషానికి ముప్పై నాలుగు. నిద్రపోయే మనిషి అందులో సగం కూడా పీల్చడు. ఫోనులో ఆ ముక్కను నెమ్మది చేశారు కాబట్టి నాకిన్నాళ్లూ తెలియలేదు. మత్తు ఇచ్చేముందు ఆపరేషను బల్ల మీద పడుకున్న మనుషుల్ని వేలమందిని చూశాను. ఇలా పీల్చేవాళ్ల చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంటుంది.

"నిద్ర కాదన్న" అన్నాను. "బాపు బుగులువడ్డడు. పానం గుప్పిట్ల పెట్టుకుని పండుకున్నడు."

 అవ్వ తెర మీంచి కళ్లు తియ్యకుండానే అంది.

"నాకు మొదటి ఆటల్నే తెల్సింది. ముక్కు సూడుండ్రి, ఎట్ల కొట్టుకుంటుందో. ఆయనకు భయమైతే గంతే. ఇంటికచ్చి మీ ముందట నవ్విండు గని, నాకు ఎర్కలేదా?"

కాసేపు ఆగి ఊపిరి తీసుకుంది. ఒక వాక్యానికి ఒక ఊపిరి చొప్పున మాట్లాడుతుంది ఇప్పుడు.

"టాకీస్‌ల అందరు నవ్వుతుండ్రి. మనిషి అండ్ల గంత భయంతోని ఒక్కడే పండుకున్నడు, సూసినోళ్లందరు నవ్వుతుండ్రి. ఎట్ల లేసి రావాలె బిడ్డ? ఆట మొదలైనప్పుడల్ల మళ్ల పండవెడుతుండ్రి ఆయనను. ఒక్కరన్న నవ్వకుండ దగ్గర కూసోవాలె గద."

సీను అయిపోయి ఎప్పుడో వేరే సీను వచ్చింది. హీరోయిను పరుగెడుతోంది. ఎవరూ చూడటం లేదు.

"ఆఖరి ఆటకు నేను నిన్ను గుంజుకొస్తి" అన్నాడు అన్న.  యాభై మూడేళ్ల మనిషి, తెల్ల జుట్టు.

 అన్న రిమోటు తీసుకుని సీనును వెనక్కి తిప్పాడు. తిప్పి, వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. పెట్టె మళ్లీ తెర మీదికి వచ్చింది.